పొడైన మొక్కను పట్టేదెట్లా?

ఎండలు ముదిరేసరికి పాలమూరు, నల్లగొండ పట్టణాల్లో సుగంధి షర్బత్ బండ్లు రోడ్డెక్కుతాయి. సీసాలోది ఉత్త ఎసెన్సే అయితే చెప్పుకోవడానికేమీ లేదు. నిజంగా వేళ్లు నానబెట్టి కాచిన షర్బతే అయినా, ఆ వాసన ఏ మొక్కదన్న ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. ఒకటి సుగంధిపాల. పొలం గట్ల మీద, కంపచెట్ల నీడన పాకే సన్నని తీగ. దాని వేరు కూడా సన్నగా, ముదురు రంగులో, కర్రలా గట్టిగా ఉంటుంది. ఆయుర్వేదం సారిబ అనేది దీన్నే. రెండోది మారేడు గడ్డ. నల్లమలలో రాళ్ల సందుల్లో పెరిగే తీగకు ఊరే లావాటి, కండగల వేరు. చెంచులు తవ్వి తెచ్చి అమ్మేది ఇది. శివుడి పూజకు పత్రి ఇచ్చే మారేడు చెట్టుకూ దీనికీ పేరు తప్ప ఇంకే చుట్టరికమూ లేదు.

తవ్విన రోజున ఈ రెండు వేళ్లనూ చిన్నపిల్లలైనా వేరు చేస్తారు. కోసి, ఎండబెట్టి, గిర్నీలో ఆడించాక అనుభవమున్న వైద్యుడైనా తడబడతాడు. ముక్కును నమ్ముకుందామంటే అదీ మోసపోతుంది. రెంటి సువాసనకూ మూలం ఒకే పదార్థం, 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్. ఐస్‌క్రీంలో వేసే వెనిలిన్‌కు ఇది దగ్గరి బంధువు. ఆ ఒక్క పదార్థాన్ని వెతికే రసాయన పరీక్ష కూడా రెంటికీ ఒకే జవాబు ఇస్తుంది. వృక్షశాస్త్రం లెక్కన మాత్రం ఇవి వేర్వేరు మొక్కలు. సుగంధిపాల హెమిడెస్మస్ ఇండికస్, మారేడు గడ్డ డెకాలెపిస్ హామిల్టోనీ. జిల్లేడు, గన్నేరు చేరిన పెద్ద కుటుంబంలో రెండు వేరు కాపురాలు.

తేటనీళ్లను నమ్మి ఎముకలు వంగిపోయిన ఊళ్లున్న జిల్లా నల్లగొండ. కంటికి ఆనని దాన్ని పరీక్షతోనే పట్టాలన్న సంగతి ఇక్కడ ఒకరు చెప్పనక్కర్లేదు. నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే ఒక పద్ధతికి నల్లగొండ పేరే స్థిరపడింది. మూలికల పొడి విషయంలో అలాంటి పరీక్షగా ఇప్పుడు డీఎన్‌ఏ పేరు వినిపిస్తోంది. లేబుల్ మీద రాసిన మొక్కే డబ్బాలో ఉందో లేదో తేల్చేస్తుందని ప్రచారం. అందులో నిజం ఉంది, కానీ ఒక్క ప్రశ్న వరకే. ఆ ఒక్క ప్రశ్నను కూడా సరైన చోట అడిగితేనే.

నాలుగు అక్షరాల ఆనవాలు

ఆకు రాలినా, వేరు ఎండినా, బెరడు పొడైనా కణాల్లో మిగిలిన డీఎన్‌ఏ ఆ మొక్క పేరు చెబుతూనే ఉంటుంది. ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయన అక్షరాలతో రాసి ఉండే మొత్తం డీఎన్‌ఏను చదవాల్సిన పని లేదు. కొన్ని వందల అక్షరాల పొడవున్న ఒక ముక్కను చదివితే చాలు. ఆ ముక్క ఒకే జాతి మొక్కల్లో దాదాపు ఒకేలా ఉండాలి, జాతి మారితే మారాలి. దుకాణంలో వస్తువు మీది గీతల కోడ్‌తో పోల్చి దీనికి డీఎన్‌ఏ బార్‌కోడింగ్ అని పేరు పెట్టారు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త పాల్ హెబర్ట్ బృందం 2003లో జంతువుల కోసం ప్రతిపాదించిన పద్ధతి ఇది. జంతువులకు పనికొచ్చింది కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని ఒక జన్యువు, అది మొక్కల్లో పనిచేయలేదు. మొక్కల మైటోకాండ్రియాలో మార్పులు మరీ నిదానంగా వస్తాయి కాబట్టి జాతికీ జాతికీ తేడా కనబడదు. చివరికి 2009లో అంతర్జాతీయ వృక్షశాస్త్రజ్ఞుల బృందమొకటి హరితరేణువుల్లోని ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే అనే రెండు జన్యువుల జంటను సిఫారసు చేసింది. ఆ జంట జాతిని కచ్చితంగా తేల్చింది 72 శాతం సందర్భాల్లోనే. మిగిలిన వాటిలో దగ్గరి చుట్టాల గుంపు దాకా తీసుకెళ్లి అక్కడ ఆగిపోయింది. మందుమొక్కలకు ఐటీఎస్2 అనే పొట్టి ముక్క మేలని చైనా పరిశోధకులు 2010లో చూపారు. ఇప్పుడు చాలా ప్రయోగశాలలు రెండు మూడు ముక్కలను కలిపి చదువుతున్నాయి.

పని జరిగే తీరు చెప్పుకోవడానికి సులువే. పొడి నుంచి డీఎన్‌ఏను వేరుచేస్తారు. కరోనా కాలంలో ఆర్టీపీసీఆర్ పేరుతో మండల కేంద్రాల దాకా తెలిసిపోయిన పీసీఆర్‌తో కావలసిన ముక్కను కోట్ల ప్రతులుగా పెంచుతారు. ఆ ముక్కలోని అక్షరాల వరుసను చదివి, ముందే పేరు తెలిసిన మొక్కల వరుసలతో పోలుస్తారు. చిక్కంతా మొదటి మెట్టులోనే ఉంది. కరక్కాయ వగరు, కలబంద జిగురు, తపసి బంక లాంటివి డీఎన్‌ఏను పట్టుకుని వదలవు, పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. ఏ గుణం కోసం మూలికను కొంటారో ఆ గుణమే పరీక్షకు అడ్డుపడటం ఇక్కడి తమాషా. మూలికల ప్రయోగశాలల్లో నైపుణ్యమంతా ఈ అడ్డంకిని దాటడంలోనే కనబడుతుంది.

పేరు తప్పితే ఏమవుతుంది

షర్బత్‌లో ఒక వేరుకు బదులు మరో వేరు పడితే పెద్ద ప్రమాదం లేదు. మారేడు గడ్డను దక్షిణాదిలో పచ్చళ్లుగానూ తింటారు. అన్ని పొరపాట్లూ ఇంత చల్లగా తెల్లారవు. 1990ల మొదట్లో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే ఒక క్లినిక్ తన మాత్రల్లో చైనా మూలికలు చేర్చింది. వేయాల్సింది స్టెఫానియా టెట్రాండ్రా, చైనా పేరు హాన్ ఫాంగ్ జీ. పడింది గువాంగ్ ఫాంగ్ జీ, అంటే అరిస్టొలోకియా ఫాంగ్‌చీ. పేరులో ఒక్క మాట తేడా. ఆ మాత్రలు మింగిన స్త్రీలలో వంద మందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. కొందరికి తర్వాత మూత్రనాళాల క్యాన్సర్ వచ్చింది. 1993లో వైద్యులు దీన్ని బయటపెట్టాకే అరిస్టొలోకిక్ ఆమ్లం ఎంత ప్రమాదకరమో లోకానికి తెలిసింది. ఆ కుటుంబం మొక్కలు మనకేమీ దూరం కావు. నల్లరేగడి చేలల్లో కనిపించే గాడిదగడపాకు, నాటువైద్యంలో వాడే ఈశ్వరి వేరు రెండూ అరిస్టొలోకియాలే. రెంటిలోనూ ఆ ఆమ్లం ఉంది.

డీఎన్‌ఏ పరీక్ష విలువ తెలిసేది ఇలాంటి చోటే. లేబుల్ మీద లేని విషపు మొక్క పొడిలో ఉందా అన్న సూటి ప్రశ్నకు ఇది సూటిగా జవాబిస్తుంది. అరిస్టొలోకియాను మాత్రమే పట్టే ప్రైమర్లు, అంటే ఆ వరుసను వెతికి అంటుకునే చిన్న ముక్కలు, తయారు చేసుకోవచ్చు. బిర్యానీలో వేసే అనాస పువ్వుకూ, దాన్ని అచ్చం పోలిన విషపు జపాన్ అనాస పువ్వుకూ తేడా కూడా ఇలాగే తేలుతుంది.

విషం లేని చోట ప్రశ్న జటిలమవుతుంది. నేల ఉసిరినే తీసుకుంటే, తొలకరి పడ్డ కొన్ని వారాలకు చెలకల్లో, పత్తి సాళ్ల మధ్య అదే మొలుస్తుంది. పసిరికలు అయ్యాయంటే పల్లె వైద్యం ముందుగా చూసేది దీని వైపే. అయితే నేల ఉసిరి అనే పేరు కింద ఒక మొక్క లేదు, ఒక గుంపు ఉంది. మందుగా అసలుదని లెక్కించే ఫిల్లాంథస్ అమారస్ పక్కనే ఫ్రాటెర్నస్, డెబిలిస్, యూరినేరియా, మదరాస్‌పటెన్సిస్ జాతులూ మొలుస్తాయి. అమారస్ పువ్వుకు రేకల్లాంటి భాగాలు 5, ఫ్రాటెర్నస్‌కు 6. ఆవగింజంత పువ్వులో ఈ లెక్క చూసి పీకమని ఎండలో వంగి పనిచేసే కూలీని ఎవరూ అడగలేరు. కిలోల లెక్కన డబ్బులిచ్చే చోట ఆమెకూ అది అనవసరం. 2010లో వెలువడిన ఒక పరిశోధన దక్షిణ భారతంలోని 25 దుకాణాల నేల ఉసిరిని పరీక్షించింది. 76 శాతం దుకాణాల్లో సరుకు దాదాపు పూర్తిగా అమారసే. మిగిలిన చోట్ల అదే కుటుంబపు మరో అయిదు జాతులు కనిపించాయి. నాలుగింట మూడు వంతులు సరైన సరుకే ఉందంటే, ఎగువన నియంత్రణంటూ లేని వ్యాపారంలో అది మెచ్చుకోవాల్సిన లెక్కే. కల్తీ వార్తలు రాసేవాళ్లు ఈ సగం సంగతి వదిలేస్తుంటారు.

జాతి మారితే మందు మారుతుందా? ఇదీ ఊరికే పుట్టిన అనుమానం కాదు. 1988లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన మద్రాసు పరిశోధనలో, ఫిల్లాంథస్ అమారస్ తీసుకున్న 37 మంది హెపటైటిస్-బీ వైరస్ వాహకుల్లో 22 మంది రక్తంలో వైరస్ ఆనవాలు కనిపించకుండా పోయింది. మందు లేని ఉత్త మాత్ర తీసుకున్న 23 మందిలో అది ఒక్కరికే జరిగింది. ప్రపంచమంతా ఆ మొక్క వైపు తిరిగింది. తర్వాత వేరే చోట్ల జరిపిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. మొదటి ఫలితమే పొరపాటా, మొక్క వేరే జాతిదా, వేరే నేలదా అన్న వాదన చాన్నాళ్లు నడిచింది. ప్రతి పరీక్షలో వాడిన పొడికి డీఎన్‌ఏ ఆనవాలు భద్రపరిచి ఉంటే ఆ వాదనలో కనీసం ఒక ప్రశ్న అక్కడికక్కడే తీరిపోయేది.

అశోక బెరడు కథ ఇంకో తీరు. స్త్రీల వ్యాధులకు ఇచ్చే అశోకారిష్టానికి కావలసింది సరాకా అసోకా బెరడు. మన బడుల ఆవరణల్లో, ఆఫీసుల గోడల వెంట నిటారుగా పెరిగే చెట్టును కూడా జనం అశోక చెట్టనే పిలుస్తారు. అది నరమామిడి. సీతాఫలం కుటుంబానికి చెందినది. అసలు అశోకేమో చింతచెట్టు కుటుంబం. అసలు చెట్టు అడవుల్లో అరుదైపోయింది. బెరడు ఒలిస్తే ఉన్న చెట్టూ బతకదు. అశోక బెరడు పేరుతో అమ్మే సరుకును పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో 80 శాతానికి పైగా నమూనాలు అశోకవి కావని, కనీసం ఏడు కుటుంబాల మొక్కలు అందులో ఉన్నాయని తేలింది. నేల ఉసిరిలో జరిగేది ఏమరపాటు. ఇక్కడ జరిగేది దొరకని సరుకుకు బదులు దొరికింది నింపడం. నివేదికలో రెండూ ‘కల్తీ’ అనే ఒకే గడిలో పడతాయి. 2019లో వచ్చిన ఒక సమీక్ష 37 దేశాల్లో డీఎన్‌ఏతో పరీక్షించిన 5,957 మూలికా ఉత్పత్తుల ఫలితాలను కూడగట్టి, 27 శాతంలో తేడా ఉందని లెక్కతేల్చింది. ఆ 27లో కావాలని చేసింది ఎంతో, చేతులు మారేటప్పుడు కలిసిపోయింది ఎంతో శాతం చూసి చెప్పలేం.

మూడో తీరు కూడా ఉంది, దాన్ని కల్తీ అనడమే తప్పు. శంఖపుష్పి అంటే ఉత్తరాదిలో కన్వాల్వులస్, కేరళ వైద్యుల వాడుకలో మన పెరటి గోడల మీద నీలంగా పూసే శంఖపుష్పం, కొందరికి విష్ణుక్రాంత. గోక్షురం అంటే చిన్న పల్లేరు. కొన్ని చోట్ల ఏనుగు పల్లేరును దానికి బదులు వాడతారు. ముళ్లు తప్ప ఆ రెండు మొక్కలకూ పోలికే లేదు, కుటుంబాలూ వేరు. ఇలాంటి వాటిని ఆయుర్వేద పండితులే సందిగ్ధ ద్రవ్యాలన్నారు. ఒకటి దొరకకపోతే బదులుగా వాడదగినవాటిని ప్రతినిధి ద్రవ్యాలుగా గ్రంథాల్లో చెప్పారు. కల్తీ కేసు రాసే ముందు ఆ ఊరి వైద్య సంప్రదాయం ఏ మొక్కను ఆ పేరుతో పిలుస్తుందో తెలుసుకోవాలి. డీఎన్‌ఏ వరుసకు ఈ సంగతి తెలియదు.

న్యూయార్క్ నేర్పిన పాఠం

2015 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం జీఎన్‌సీ, టార్గెట్, వాల్‌మార్ట్, వాల్‌గ్రీన్స్ అనే నాలుగు పెద్ద సంస్థలకు నోటీసులిచ్చింది. వాటి సొంత పేర్లతో అమ్మే మూలికా మాత్రలకు డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే, లేబుల్ మీది మొక్క ఆనవాలు దొరికింది 21 శాతం పరీక్షల్లోనే అని చెప్పింది. పత్రికలన్నీ మాత్రల్లో మొక్కలే లేవని రాశాయి. వృక్షశాస్త్రజ్ఞులు, మందుల నిపుణులు వెంటనే అభ్యంతరం చెప్పారు. ఆ మాత్రల్లో చాలావాటిలో ఉన్నది మొక్క పొడి కాదు, సారం. ఆకును ఆల్కహాల్‌లోనో వేడినీటిలోనో నానబెట్టి, వడకట్టి, ఆరబెట్టాక డీఎన్‌ఏ తునాతునకలవుతుంది, లేదా అసలు మిగలదు. చాయ్ వడకట్టి తాగాక గ్లాసులో తేయాకు కనబడలేదని, తాగింది చాయ్ కాదంటే ఎట్లా? దొరికిన బియ్యం, గోధుమ డీఎన్‌ఏ సంగతీ అంతే. మాత్ర కట్టడానికి కలిపే పిండిలో డీఎన్‌ఏ చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి అదే ముందు పలుకుతుంది. ఆ వివాదం ముగిసిన తీరు గమనించదగ్గది. తప్పు ఒప్పుకోకుండానే జీఎన్‌సీ మార్చిలో ఒక ఒప్పందానికి వచ్చింది. సారం తీయకముందు, ముడిసరుకు దశలోనే డీఎన్‌ఏతో మొక్కను నిర్ధారిస్తామని అందులో ఒప్పుకుంది. పరీక్ష సీసా దగ్గరి నుంచి బస్తా దగ్గరికి జరిగింది.

ఉండాల్సిన చోటు అదే. మన కషాయాలు, అరిష్టాలు, లేహ్యాలు గంటల తరబడి మరిగినవి. వాటిలో డీఎన్‌ఏ వెతికి లేదని తేల్చడం నేరానికి రుజువు కాదు. ఉన్నా ఎక్కువ చెప్పదు. పీసీఆర్ అతి సున్నితమైన పద్ధతి. పసుపు ఆడించిన గిర్నీలోనే తర్వాత శీకాయ ఆడిస్తే ఆ పొడిలో పసుపు ఉందని కూడా చెబుతుంది. కొంచెం పుప్పొడి చాలు దానికి. కొత్త యంత్రాలు ఒకే పొడిలోని అన్ని మొక్కల వరుసలనూ ఒకేసారి చదివేస్తాయి. అప్పుడొచ్చే జాబితాలో మందు మొక్కలతో పాటు పక్క చేను కలుపు, బస్తాలో అంటిన జొన్న నూక, నూర్పిడి కళ్లంలో రాలిన గడ్డి కూడా ఉంటాయి. ఎంత ఉంటే కల్తీ, ఎంత వరకు దుమ్ము అనే గీత ఎక్కడ గీయాలో మనుషులే నిర్ణయించాలి.

ఇక పాళ్ల సంగతి. త్రిఫల చూర్ణంలో కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ మూడూ ఉన్నాయని డీఎన్‌ఏ చెప్పగలదు. కరక్కాయ తగ్గించి తానికాయ పెంచారా అంటే నమ్మదగ్గ జవాబు ఇవ్వలేదు. మొక్కలోని ఏ భాగమో అసలే చెప్పలేదు. మహబూబ్‌నగర్ పక్కన ఉన్న పిల్లలమర్రిని చూసినవాళ్లకు ఇది చటుక్కున అర్థమవుతుంది. 700 ఏళ్ల నాటిదని చెప్పే ఆ మర్రి ఎకరాల కొద్దీ విస్తరించింది. కొత్తగా వెళ్లినవాళ్లకు తోపులా కనబడుతుంది. ఏ ఊడ నుంచి, ఏ ఆకు నుంచి, ఏ బెరడు నుంచి డీఎన్‌ఏ తీసినా వచ్చేది ఒకే ఆనవాలు. పెన్నేరు గడ్డ పొడిలోనూ అంతే. వేరుకు బదులు చౌకగా దొరికే ఆకు కలిపినా పరీక్ష ‘ఇది అశ్వగంధే’ అని పాస్ చేసేస్తుంది. ఆకు వాడొద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో తయారీదారులకు చెప్పాల్సి వచ్చింది. ఆకును పట్టాలంటే మైక్రోస్కోపు, రసాయన విశ్లేషణ కావాలి. పురుగుమందు, సీసం, పాదరసం, గుట్టుగా కలిపే స్టెరాయిడ్ ఇవేవీ డీఎన్‌ఏ పరిధిలోవి కావు. ఆరేళ్లు గోదాములో పురుగు పట్టిన మూలిక కూడా దాని పేరు సరిగ్గానే చెబుతుంది.

తిప్పతీగ వివాదం ఈ హద్దును బాగా చూపిస్తుంది. కరోనా రోజుల్లో ఇంటింటా తిప్పతీగ కషాయం మరిగింది. 2020 చివర్లో కాలేయం దెబ్బతిని వచ్చిన ఆరుగురు తిప్పతీగ వాడినవాళ్లేనని ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. తిప్పతీగ సురక్షితమేనని, దాన్ని పోలిన టినోస్పోరా క్రిస్పా లాంటి వేరే తీగతో పొరబడి ఉండవచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ అన్నది. క్రిస్పా కాండం మీద బుడిపెలు ఎక్కువ. పచ్చి తీగలో కనబడే ఆ తేడా పొడిలో కనబడదు. రోగి వాడిన పొడి దాచి డీఎన్‌ఏ చూస్తే ఏ తీగో తేలిపోతుంది. వేరే తీగ అని తేలితే మంత్రిత్వ శాఖ మాట నిలుస్తుంది. అసలు తిప్పతీగే అని తేలితే ఆ మందు కాలేయానికి ఏం చేస్తుందన్న ప్రశ్న మిగులుతుంది, అది వైద్యులు తేల్చాల్సింది. లేబుల్ నిజమా కాదా అన్నంత వరకే డీఎన్‌ఏ సాక్ష్యం చెబుతుంది. మందు మంచిదా కాదా అన్న సాక్ష్యం దానిది కాదు.

అచ్చంపేట నుంచి బేగంబజార్ దాకా

ఒక మూలిక దక్షిణ తెలంగాణ అడవి నుంచి డబ్బా దాకా వెళ్లే దారిలో దాని పేరు ఎన్నిసార్లు మారుతుందో లెక్కపెడితే పొరపాట్లకు కారణం సగం అర్థమవుతుంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోని పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, చెంచుల నోట ఒక పేరు, అచ్చంపేట, దేవరకొండ అంగళ్లలో ఇంకో పేరు. తిప్పతీగ అక్కణ్నుంచి హైదరాబాద్ బేగంబజార్ చేరేసరికి గిలోయ్ అవుతుంది, వైద్యుడి చీటీలో గుడూచి, డబ్బా మీద టినోస్పోరా కార్డిఫోలియా. నేల ఉసిరి భూయీ ఆమ్లా అవుతుంది, ఆ తర్వాత భూమ్యామలకి. ప్రతి మెట్టు మీదా ఒకరు విని, ఇంకొకరు రాసుకుంటారు. బ్రస్సెల్స్‌లో జరిగింది ఇలాంటి ఒక్క మెట్టు మీదే.

కల్తీ అనగానే అడవి వైపు వేలెత్తి చూపడం అలవాటైపోయింది. నిజానికి ఈ దారి మొత్తంలో మొక్కను మొక్కగా, ఆకుతో పువ్వుతో పాలతో చూసేది తవ్వే మనిషి ఒక్కరే. తర్వాత వచ్చే వాళ్లంతా చూసేది ఎండు ముక్కలనే. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నది పాత సామెత. గుర్తింపు సంగతికొస్తే పెరటి చెట్టంత నమ్మకమైంది ఇంకోటి లేదు.

డీఎన్‌ఏ పరీక్ష కూడా చివరికి ఆ తవ్వే మనిషి దగ్గరికే రావాలి. వరుసను చదివాక పోల్చి చూడటానికి పేరు తెలిసిన మొక్క వరుస ఒకటి ఉండాలి కదా. అంతర్జాతీయ డేటాబేసుల్లో లక్షల వరుసలున్నా, పంపినవాళ్లు పేరు తప్పుగా రాసినవి కూడా వాటిలో ఉన్నాయి. నల్లమల మొక్కల్లో కొన్ని ఆంధ్ర, తెలంగాణ కొండల్లో తప్ప ఎక్కడా పెరగవు, వాటి వరుసలు ఇక్కడే తయారవ్వాలి. నమ్మదగ్గ వరుస ఇలా పుడుతుంది. మొక్క తెలిసిన మనిషితో అడవికి వెళ్లి, పువ్వో కాయో ఉన్న కొమ్మను తెంపి, కాగితాల మధ్య ఎండబెట్టి, ఎక్కడ, ఎప్పుడు, స్థానిక పేరేమిటో రాసి, వృక్షశాస్త్రజ్ఞుడు పేరు ఖాయం చేసి, ఎండు మొక్కలను భద్రపరిచే హెర్బేరియంలో నంబరు వేసి దాచాలి. డీఎన్‌ఏను ఆ కొమ్మ నుంచే తీయాలి. రేపు ఎవరైనా అనుమానిస్తే ఆ కాగితం తీసి చూపించవచ్చు. కాగితం లేని వరుస కోర్టులో నిలవడం కష్టం.

ఈ పనికి కావలసిన సామాను మూడు నాలుగు గంటల దూరంలోనే ఉంది. భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దక్కన్ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. మందు, సుగంధ మొక్కల మీద పనిచేసే సీమ్యాప్ కేంద్రం బోడుప్పల్‌లో ఉంది. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఉప్పల్‌లోని డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం సీడీఎఫ్‌డీ, ఎగుమతుల సంస్థ అపెడాతో కలిసి బాస్మతి బియ్యానికి డీఎన్‌ఏ పరీక్షలు ఎప్పట్నుంచో చేస్తోంది. బాస్మతిలో వేరే బియ్యం కలిస్తే విదేశీ కొనుగోలుదారు ఒప్పుకోడు, అందుకే ఆ పరీక్షకు డబ్బు పెట్టేవాళ్లు దొరికారు. మూలికలకు ఆ ఒత్తిడి ఇంకా రాలేదు. 2017లో బ్రిటన్ మందుల ప్రమాణాల గ్రంథం బ్రిటిష్ ఫార్మకోపియా మూలికల డీఎన్‌ఏ గుర్తింపు పద్ధతిని చేర్చుకుంటూ, మొదటి ఉదాహరణగా ఎంచుకున్నది మన తులసిని. ఇంటిముందు గద్దె కట్టి నీళ్లుపోసే మొక్కకు డీఎన్‌ఏ ప్రమాణం రాసింది లండన్ అంటే కాస్త చివుక్కుమంటుంది.

చట్టం సంగతి అంత బలహీనమేమీ కాదు. 1940 నాటి ఔషధాల చట్టం ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందులకూ వర్తిస్తుంది. అందులోని 33ఈఈ, 33ఈఈఏ సెక్షన్లు కల్తీ మందు, నకిలీ మందు అంటే ఏమిటో చెబుతాయి. 1945 నిబంధనల్లో 161వ నిబంధన లేబుల్ మీద మొక్కల శాస్త్రీయ నామాలు, వాడిన భాగం రాయమంటోంది. రాసింది నిజమో కాదో చూడటానికి ఆయుర్వేద ఫార్మకోపియా ప్రధానంగా రూపురేఖలు, మైక్రోస్కోపు, పొర మీద రంగు మచ్చలు చూసే క్రోమటోగ్రఫీ, బూడిద శాతం లాంటి పరీక్షలనే చెబుతుంది. వాటిని తీసేసి డీఎన్‌ఏ పెట్టాలనడం తెలివితక్కువ మాట. ఆకా వేరా అన్నది మైక్రోస్కోపు చెబుతుంది, గుణమిచ్చే పదార్థం ఎంతుందో క్రోమటోగ్రఫీ చెబుతుంది, ఏ జాతో డీఎన్‌ఏ చెబుతుంది. ముందు జాతి తేలాలి కాబట్టి డీఎన్‌ఏ వరస మొదటిది, అంతే.

ఖర్చు దృష్టితో చూసినా అదే లెక్క. మార్కెట్లో వెయ్యి సీసాలు తెచ్చి పరీక్షించే బదులు, అచ్చంపేటలోనో మన్ననూరులోనో సరుకు తూకం వేసే చోట ప్రతి మూలిక బస్తాల్లో ఒకదాని నుంచి పిడికెడు ముక్కలు తీసి ఉంచితే, గిర్నీకి వెళ్లకముందే తప్పు దొరుకుతుంది. 65 డిగ్రీల వేడి ఒకేలా నిలిపే చిన్న పెట్టెతో, పెద్ద పీసీఆర్ యంత్రం లేకుండా పనిచేసే ల్యాంప్ అనే పద్ధతి 2000 నుంచీ ఉంది. సుగంధిపాలా, మారేడు గడ్డా అన్నంత ఒక్క ప్రశ్నకు అలాంటి పెట్టె చాలు. తవ్వి తెచ్చినవాళ్లకు శిక్షగా కాక, సరిగ్గా తెచ్చిన బస్తాకు కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువ ఇచ్చే ఆధారంగా వాడితేనే ఆ పెట్టెకు అక్కడ చోటు దొరుకుతుంది.

అడవికి సంబంధించి ఇంకో లెక్క కూడా దీంతో బయటపడుతుంది. మారేడు గడ్డ తీగ ప్రపంచం మొత్తంలో దక్షిణ భారత కొండల్లోనే పెరుగుతుంది, అంతరించే ప్రమాదమున్న మొక్కల జాబితాలో ఉంది. కావలసింది వేరు కాబట్టి తవ్విన ప్రతిసారీ తీగకు ముప్పే. సుగంధిపాలకు ఆ భయం లేదు, గట్ల మీద విరివిగా పెరుగుతుంది. మారేడు గడ్డ కొనుగోళ్ల లెక్క అటవీ ఉత్పత్తుల పుస్తకాల్లో మారేడు గడ్డ పేరుతోనే ఉంటుంది. సారిబ అనే పేరు కింద నింపిన బస్తాల్లో ఎంత మారేడు గడ్డ పోతోందో ఆ పుస్తకాల్లో కనబడదు. సారిబ బస్తాలకు ఏడాది పాటు వరుసగా పరీక్ష చేస్తే నల్లమల రాళ్ల సందుల్లోంచి ఏటా ఎంత తీగ ఖాళీ అవుతోందో మొదటిసారి ఒక అంకె దొరుకుతుంది. మందుల కంపెనీ కంటే ముందు అటవీ శాఖకు అవసరమయ్యే అంకె అది.